గాలికెంత, గుట్టకెంత

1989 జూలై 23. టూర్ ద ఫ్రాన్స్ చివరి రోజు. మూడు వారాల్లో మూడు వేల కిలోమీటర్లకు పైగా తొక్కిన తర్వాత ఫ్రాన్స్‌కు చెందిన లారాన్ ఫిన్యో, అమెరికాకు చెందిన గ్రెగ్ లెమాండ్ కంటే 50 సెకన్లు ముందున్నాడు. ఇక మిగిలింది వెర్సాయ్ నుంచి పారిస్ దాకా 24.5 కిలోమీటర్లే. ఒక్కొక్కరూ విడివిడిగా, గడియారంతో పోటీపడి తొక్కాలి. అంత చిన్న దూరంలో 50 సెకన్లు రాబట్టడం అయ్యే పని కాదని చాలామంది తేల్చేశారు. లెమాండ్ ఆ రోజు హ్యాండిల్‌కు ముందుకు పొడుచుకొచ్చే గొట్టాలు బిగించుకున్నాడు. మోచేతులు దగ్గరికి తెచ్చి వాటిమీద ఆనించి, వీపు వంచి, వెనక తోకలా సాగిన హెల్మెట్ పెట్టుకున్నాడు. ఫిన్యో సైకిలుకు ఆ గొట్టాలు లేవు. తలకు హెల్మెట్ లేదు, పొడవాటి జుట్టు పిలక కట్టి ఉంది. లెమాండ్ 26 నిమిషాల 57 సెకన్లలో గమ్యం చేరాడు. ఫిన్యోకు ఇంకో 58 సెకన్లు పట్టింది. మూడు వారాల పోటీ 8 సెకన్ల తేడాతో తేలిపోయింది. ఆ పోటీ చరిత్రలో అంతకంటే తక్కువ తేడా ఇంతవరకూ లేదు.

ఫిన్యో ఆ రోజు సీటు ఒరుసుకుని లేచిన పుండుతో బాధపడుతూ తొక్కాడు. కాబట్టి తేడా మొత్తం ఆ గొట్టాలదేనంటే ఆయనకు అన్యాయం చేసినట్టే. కానీ సైకిలు తొక్కేవాళ్ళందరికీ ఆ రోజు ఒక విషయం కళ్ళకు కట్టింది. కాళ్ళలో ఎంత బలం ఉందన్నది ఒక ప్రశ్న. ఉన్న బలం ఎక్కడికి పోతోందన్నది వేరే ప్రశ్న. బాగా తొక్కాలనుకునే వాళ్ళు మొదటి ప్రశ్న చుట్టూ తిరుగుతుంటారు. నన్నడిగితే రెండోదానితో మొదలుపెట్టాలి. దానికి జవాబు తెలిస్తే ఈ ఆదివారమే ఫలితం కనిపిస్తుంది.

చదునైన రోడ్డు మీద గంటకు 30 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే మన శ్రమలో ముప్పాతిక వంతుకు పైగా గాలిని పక్కకు నెట్టడానికే పోతుంది. గాలి నిరోధం వేగం వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. ఆ నిరోధాన్ని దాటడానికి కావలసిన సామర్థ్యమేమో వేగం ఘనాన్ని అనుసరిస్తుంది. అంటే వేగం రెట్టింపైతే ఎనిమిది రెట్లు శ్రమించాలి. మామూలు ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి కాస్త వంగి కూర్చుని 25 కిలోమీటర్ల వేగంతో పోతే గాలి కోసం 77 వాట్ల దాకా ఖర్చవుతుంది. అదే మనిషి 30కి చేరాలంటే 133 వాట్లు కావాలి. వేగం ఐదో వంతు పెరిగింది, ఖర్చు మాత్రం ముప్పాతిక వంతు పెరిగింది. 25 దాకా సులువుగా వచ్చినవాళ్ళు 30 దగ్గర ఎందుకు ఆగిపోతారో దీన్నిబట్టి అర్థమవుతుంది. వాళ్ళ ప్రయత్నంలో లోపం లేదు, అక్కడి లెక్కే అంత కఠినం.

గాలికి అడ్డుపడేది ప్రధానంగా సైకిలు కాదు, దానిమీద కూర్చున్న మనిషి. అందుకే వేల రూపాయలు పోసి తేలికైన చక్రాలు కొనేముందు మోచేతులు వంచడం నేర్చుకోమంటాను. గాలికి ఎదురయ్యే మన అడ్డును ఆరో వంతు తగ్గించుకోగలిగితే 30 వేగం దగ్గర 22 వాట్లు మిగులుతాయి. కొత్తగా తొక్కేవాళ్ళు అన్ని వాట్లు కాళ్ళలో పెంచుకోవాలంటే నెలల సాధన కావాలి. మోచేతులు వంచడం, భుజాలు చెవుల దగ్గరికి లేవకుండా వదులుగా ఉంచడం, రెపరెపలాడే చొక్కా బదులు ఒంటికి అతుక్కునే జెర్సీ వేసుకోవడం, వంపు హ్యాండిల్ ఉంటే దాని కింది భాగం పట్టుకోవడం... ఇంతే. అయితే నడుము భరించగలిగినంతే వంగాలి. పది నిమిషాలకే మెడ పట్టేసే భంగిమ ఎంత వేగవంతమైనదైనా వృథా.

ముందు వెళ్ళేవారి చాటున తొక్కితే కష్టం పాతిక నుంచి నలభై శాతం దాకా తగ్గుతుంది. అప్పట్లో నెదర్లాండ్స్‌లో పనిచేస్తున్న బెర్ట్ బ్లాకెన్ బృందం 2018లో 121 మంది సైక్లిస్టుల గుంపును కంప్యూటర్‌లోనూ గాలి సొరంగంలోనూ పరీక్షించింది. గుంపు మధ్యలో ఉన్నవారి మీద పడే గాలి నిరోధం, ఒంటరిగా తొక్కేవారితో పోలిస్తే 5 నుంచి 10 శాతమేనని తేలింది. చాటు లాభం పెద్దదే, కానీ ఎవరి చాటున, ఏ రోడ్డు మీద అన్నది చూసుకోవాలి. బాగా తెలిసినవారి వెనక, ఖాళీ రోడ్డు మీదే అది పనికొస్తుంది. లారీల చాటున తొక్కే కుర్రాళ్ళను చూస్తే నాకు భయమేస్తుంది.

ఇక సీటు సంగతి. మన ఊళ్ళలో సైకిలు కొనగానే రెండు కాళ్ళూ నేలకు ఆనేలా సీటు దించించుకోవడం అలవాటు. ఆగినప్పుడు ధైర్యంగానే ఉంటుంది, తొక్కేటప్పుడు మాత్రం మోకాలు ప్రతి తొక్కులోనూ అవసరానికి మించి ముడుచుకుంటుంది. ఇంగ్లండ్ పరిశోధకులు హామ్లీ, థామస్ 1967లో ఒక కొలత సూచించారు. ఇప్పటికీ చాలామంది దానితోనే మొదలుపెడతారు. చెప్పుల్లేకుండా గోడకు ఆని నిలబడి, కాళ్ళ మధ్య ఒక అట్టపుస్తకం పైదాకా నొక్కిపెట్టి, దాని పైఅంచు నుంచి నేలకు ఎంతుందో కొలవాలి. దాన్ని 1.09తో గుణిస్తే పెడల్ అన్నిటికంటే కింద ఉన్నప్పుడు దాని ఇరుసు నుంచి సీటు పైభాగం దాకా ఉండాల్సిన ఎత్తు వస్తుంది. 80 సెంటీమీటర్ల కాలికి 87 సెంటీమీటర్లు. టేపు దొరకకపోతే సీటు మీద కూర్చుని, కింద ఉన్న పెడల్ మీద మడమ పెట్టి చూడండి. కాలు సరిగ్గా చాపుకోవాలి, నడుము పక్కకు ఒరగకూడదు. తర్వాత పాదం ముందుభాగంతో తొక్కితే మోకాలిలో కొద్దిపాటి వంపు దానంతటదే మిగులుతుంది. మోకాలి ముందువైపు నొప్పి వస్తుంటే సీటు కిందికి ఉందేమోనని, వెనకవైపు లాగుతుంటే ఎక్కువ ఎత్తులో ఉందేమోనని మొదట అనుమానించాలి. మార్చేటప్పుడు ఒక్కసారిగా కాకుండా అర సెంటీమీటరు చొప్పున మార్చి, కొన్ని రోజులు తొక్కి చూడటం మంచిది.

నిమిషానికి ఎన్ని తొక్కులన్నది తరవాతి ప్రశ్న. ఒకే 200 వాట్లను నిమిషానికి 60 తొక్కులతో తీయవచ్చు, 90తోనూ తీయవచ్చు. 90తో తీస్తే ఒక్కో తొక్కులో పెట్టే బలం మూడో వంతు తగ్గుతుంది. ఎక్కువ బలం పెట్టాల్సి వస్తే శరీరం త్వరగా అలిసిపోయే వేగవంతమైన కండర తంతువులను పిలుస్తుంది, అవి కండలో దాచిన చక్కెరను గబగబా ఖర్చుచేస్తాయి. కాళ్ళు మరీ గిరగిరా తిప్పితే తిప్పడానికే ఆక్సిజన్ ఖర్చవుతుంది. అందుకే చాలామందికి చదునులో 80, 90 మధ్య కుదురుతుంది. గుట్ట ఎక్కేటప్పుడు 70కి దిగినా ఫరవాలేదు. గేర్ల సైకిలు ఉన్నవాళ్ళు ఎత్తు మొదలవకముందే గేరు తగ్గించుకోవాలి. చైను మీద పూర్తి బరువు పడ్డాక మారిస్తే గేరూ సరిగా పడదు, లయా తప్పుతుంది.

కాలు పైకి వచ్చేటప్పుడు పెడల్‌ను లాగాలని, అప్పుడే తొక్కు గుండ్రంగా ఉంటుందని చాలామంది శిక్షకులు చెబుతుంటారు. 2007లో పరిశోధకులు దీన్ని పరీక్షించారు. లాగుతూ తొక్కినప్పుడు బలం సరైన దిశలో పడుతున్నట్టు కొలతలు చూపించాయి, కానీ అదే పనికి శరీరం ఖర్చుచేసిన శక్తి ఎక్కువైంది. పైకొచ్చే కాలు బరువు పెడల్ మీద వేలాడకుండా చూసుకుంటే చాలు. మిగతాది కిందికి తొక్కే తొడ కండరాలకు వదిలేయాలి.

ఇప్పుడు అసలైన చోటికి వద్దాం. సరైన భంగిమ, సరైన సీటు ఉన్నవాళ్ళు కూడా తెల్లవారుజామున ఉత్సాహంగా బయల్దేరి, జీతం మొదటి వారంలోనే ఖర్చుపెట్టేసినవారిలా మధ్యాహ్నానికి చతికిలబడతారు. దీనికి శరీరధర్మ కారణం ఉంది. తొక్కడం మొదలుపెట్టగానే కండరాలకు శక్తి కావాలి, ఊపిరితిత్తులూ గుండే కలిసి ఆక్సిజన్ సరఫరాను ఆ స్థాయికి తేవడానికి మాత్రం రెండు మూడు నిమిషాలు పడుతుంది. ఈలోపు లోటును కండరంలోని పరిమితమైన నిల్వ పూడుస్తుంది. అది ఆక్సిజన్ అవసరం లేకుండా వాడుకోగల శక్తి, మొత్తం కలిపి చాలామందిలో 10 నుంచి 25 కిలోజౌళ్ళ మధ్యే ఉంటుంది. మొదటి పది నిమిషాల్లో కష్టం తెలియకపోవడానికి ఈ నిల్వ ఇంకా చేతిలో ఉండటమే కారణం. దాన్ని పూడనివ్వకుండా పదేపదే ఊడ్చేసే మనిషికి తర్వాత వచ్చే ప్రతి చిన్న ఎత్తూ కొండలా కనిపిస్తుంది.

వేగాన్ని పెంచుతూ తగ్గిస్తూ పోవడం లెక్కకు కూడా నష్టమే. చదునైన రోడ్డు మీద 40 కిలోమీటర్లు నిలకడగా 25 వేగంతో తొక్కితే 96 నిమిషాలు పడుతుంది. సగం దూరం 30తో, సగం 20తో తొక్కితే సగటు 25 అవుతుందని అనిపిస్తుంది కానీ కాదు. మొదటి సగానికి 40 నిమిషాలు, రెండో సగానికి 60. మొత్తం 100 నిమిషాలు. పైగా గాలితో పోరాడటానికి ఖర్చైన శక్తి మొదటి పద్ధతి కంటే 4 శాతం ఎక్కువ. శ్రమ పెరిగి ఆలస్యమూ అయింది.

గుట్టలు, ఎదురుగాలి ఉన్న దారిలో మాత్రం ఈ సూత్రాన్ని కాస్త వంచాలి. మదనపల్లె దగ్గర హార్సిలీ హిల్స్ ఘాట్ రోడ్డు లాంటిది అనుకోండి. మనిషీ సైకిలూ కలిపి 80 కిలోలుంటే, 5 శాతం వాలు మీద 15 కిలోమీటర్ల వేగంతో ఎక్కడానికి భూమ్యాకర్షణ ఒక్కటే 164 వాట్లు అడుగుతుంది. ఆ వేగంలో గాలి ప్రభావం స్వల్పం. అంటే అక్కడ అదనంగా పెట్టే ప్రతి వాటూ దాదాపు నేరుగా వేగంగా మారుతుంది. దిగేటప్పుడు అదే అదనపు వాటును గాలి మింగేస్తుంది. కాబట్టి ఎత్తులో, ఎదురుగాలిలో కొంచెం ఎక్కువ కష్టపడాలి. దిగుడులో, వెనకగాలిలో కాళ్ళకు ఊపిరి ఇవ్వాలి. 'కొంచెం' అన్న మాటను మాత్రం మరవకూడదు. మాట పూర్తిగా ఆగిపోయేంత ఎగశ్వాస వస్తే ఆ ఎత్తులో సంపాదించినదంతా పైకెళ్ళాక వడ్డీతో కట్టాలి. దిగేటప్పుడు మలుపుకు ముందే బ్రేకు వేసి, మలుపులో బయటివైపు పెడల్ కిందికి ఉంచి, ఎటు వెళ్ళాలో అటే చూడాలి. గుంతను చూస్తూ ఉంటే గుంతలోకే పోతాం.

నిలకడ విలువ దూరప్రయాణాల్లో బాగా తెలుస్తుంది. హైదరాబాద్‌లోనూ నడుస్తున్న బ్రెవే ప్రయాణాల్లో 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటల గడువు ఉంటుంది. నాలుగేళ్ళకోసారి ఫ్రాన్స్‌లో జరిగే పారిస్-బ్రెస్ట్-పారిస్‌లో 1,200 కిలోమీటర్లకు 90 గంటలు. ఇవి పందేలు కావు, గడువులో పూర్తిచేసిన వారంతా ఒక్కటే. 200 కిలోమీటర్లను 22 వేగంతో తొక్కితే తొమ్మిది గంటలకు కాస్త ఎక్కువ పడుతుంది. ఇడ్లీకి, పంక్చరుకు, చెట్టు నీడకు నాలుగు గంటలకు పైగా మిగులుతుంది. ఆ నాలుగు గంటలను మొదటి 60 కిలోమీటర్ల హుషారులో ఎవరూ గుర్తుంచుకోరు.

తిండి, విశ్రాంతి గురించి చెప్పేటప్పుడు నాకు ఎప్పుడూ స్వీడన్ పరిశోధకులు యోనాస్ బెర్గ్‌స్ట్రామ్, ఎరిక్ హల్ట్‌మన్ గుర్తొస్తారు. 1966లో వాళ్ళిద్దరూ తమమీదే ఒక ప్రయోగం చేసుకున్నారు. ఒకే వ్యాయామ సైకిలుకు చెరోవైపు నుంచి, చెరో కాలితో, ఇక తొక్కలేమన్నంత వరకు తొక్కారు. రెండో కాలికి పని చెప్పలేదు. తొడ కండరంలోంచి సూదితో చిన్న ముక్కలు తీసి చూస్తే, తొక్కిన కాలిలో గ్లైకోజెన్ దాదాపు సున్నా అయింది. గ్లైకోజెన్ అంటే కండరంలోనూ కాలేయంలోనూ దాచుకునే చక్కెర నిల్వ. తొక్కని కాలిలో అది యథాతథంగా ఉంది. ఆ తర్వాత మూడు రోజులు పిండిపదార్థాలు బాగా తిన్నారు. తిన్నది ఒకే నోటితో, ప్రవహించినది ఒకే రక్తం. అయినా తొక్కిన కాలిలో నిల్వ రెండో కాలితో పోలిస్తే రెట్టింపైంది. అలసిన కండరం ఖాళీని పూడ్చుకోవడంతో ఆగకుండా, మళ్ళీ అలాంటి రోజు వస్తుందేమోనని ఎక్కువ దాచుకుంది.

సాధన అంటే ఏమిటో ఇంత స్పష్టంగా చూపిన ప్రయోగం నాకు మరొకటి తెలియదు. తొక్కడం కండరానికి కబురు మాత్రమే పంపుతుంది. పని జరిగేది తర్వాత, తిండి అందినప్పుడు, నిద్రపోతున్నప్పుడు. ఆ మూడు రోజులూ వాళ్ళు తిండి మానేసి ఉంటే, లేదా మళ్ళీ మళ్ళీ అదే కాలితో తొక్కి ఉంటే, ఆ నిల్వ పేరుకునేది కాదు.

మన శరీరంలోని గ్లైకోజెన్ మొత్తం 400 నుంచి 500 గ్రాములు, అంటే సుమారు 2,000 కేలరీలు. గంటసేపు 150 వాట్ల సగటుతో తొక్కితే దాదాపు 540 కేలరీలు ఖర్చు. అందులో కొంత కొవ్వు నుంచి వస్తుంది, కానీ ఎంత గట్టిగా తొక్కితే అంత ఎక్కువ వాటా చక్కెరదే. గంటన్నర దాటే ప్రయాణంలో ఆకలి వేసేదాకా ఆగితే ఆలస్యమైనట్టే. మొదటి అరగంట, ముప్పావు గంటలోనే మొదలుపెట్టి గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం అందించాలి. ఒక మోస్తరు అరటిపండులో పాతిక గ్రాముల పైచిలుకు ఉంటుంది. ఖర్జూరాలు, బెల్లం కలిపిన పల్లీ చిక్కీ కూడా పనికొస్తాయి, పల్లీలు తక్కువగా ఉంటే త్వరగా అరుగుతుంది. ఇంటికొచ్చాక అన్నమైనా ఇడ్లీలైనా తిని, దాంతోపాటు గుడ్లు, పెసరట్టు, పెరుగు లాంటి మాంసకృత్తులు ఉండేలా చూసుకుంటే సరిపోతుంది. బరువు తగ్గాలని పొద్దున్న గట్టిగా తొక్కి, మధ్యాహ్నం దాకా పస్తులుండేవాళ్ళు తమ కాళ్ళు పెట్టిన అర్జీని తామే చించేస్తున్నారు.

ఎలా తొక్కితే ఎలాంటి కబురు వెళ్తుంది? 1967లో అమెరికాలో జాన్ హాలోజీ ఎలుకలను వారాల తరబడి పరుగెత్తించి, వాటి కండరాల్లో మైటోకాండ్రియాకు చెందిన ఎంజైములు దాదాపు రెట్టింపైనట్టు చూపించాడు. మైటోకాండ్రియా అంటే ఆక్సిజన్‌తో శక్తిని తయారుచేసే చోట్లు. అవి పెరిగితే అదే వేగంలో కొవ్వును ఎక్కువగా, చక్కెరను పొదుపుగా వాడుకోగలం. ఈ మార్పు తేవడానికి ఎప్పుడూ రొప్పుతూ తొక్కక్కరలేదు. నార్వేలో పనిచేసే స్టీఫెన్ సైలర్ మేటి క్రీడాకారుల సాధన లెక్కలు పరిశీలించి, పదింట ఎనిమిది సాధనలు తేలిక స్థాయిలోనే ఉంటాయని గమనించాడు. పక్కవారితో పూర్తి వాక్యాల్లో మాట్లాడగలిగితే అది తేలిక. మిగతా రెండు మాత్రం నిజంగా కఠినం.

మనలో చాలామంది చేసేది దీనికి సరిగ్గా విరుద్ధం. రోజూ ఆఫీసుకు ముందు దొరికే గంటలో, మధ్యస్థమైన ఆయాసంతో, నిన్నటి సగటు వేగాన్ని దాటాలని తొక్కుతారు. హైదరాబాద్ బాహ్యవలయ రహదారి పక్కన సౌర పలకల నీడలో 23 కిలోమీటర్ల సైకిలు బాట వచ్చింది. అంత చక్కటి దారిలో కూడా పక్కనుంచి ఎవరైనా దాటిపోతే తేలిక రోజు అక్కడితో ముగిసి పందెం మొదలవుతుంది. అది తేలికగా ఉండేంత తేలికా కాదు, మార్పు తెచ్చేంత కఠినమూ కాదు. తేలిక రోజున దాటిపోయేవారిని పోనిచ్చే నిగ్రహం ఉంటే, కఠినమైన రోజున కాళ్ళు నిజంగా పలుకుతాయి.

ఆ కఠినమైన రోజున ఏం చేయాలి? 2013లో సైలర్ బృందం సరదాగా తొక్కే సైక్లిస్టులను తీసుకుని మూడు రకాల విరామ సాధనలు చేయించింది. నాలుగేసి నిమిషాలు నాలుగుసార్లు, ఎనిమిదేసి నిమిషాలు నాలుగుసార్లు, పదహారేసి నిమిషాలు నాలుగుసార్లు. మధ్యదే ఎక్కువ ఫలితమిచ్చింది. ఎనిమిది నిమిషాలపాటు గరిష్ఠ గుండె వేగంలో సుమారు 90 శాతం దగ్గర, ఒకటి రెండు మాటలకు మించి మాట్లాడలేని స్థితిలో తొక్కి, కాసేపు తేలికగా తిప్పి, మళ్ళీ మొదలుపెట్టాలి. నాలుగోసారి కూడా మొదటిసారంత వేగంగా తొక్కగలగాలి. అలా కాకపోతే మొదటిది మరీ గట్టిగా తొక్కినట్టు లెక్క. వారానికి ఇలాంటివి రెండుకు మించి వద్దు. వాట్లు కొలిచే ఖరీదైన పరికరం ఉంటే మంచిదే, లేనివారు మాటను, శ్వాసను నమ్ముకోవచ్చు. నలభై దాటి కొత్తగా మొదలుపెడుతున్నవారు, గుండె జబ్బు గానీ బీపీ గానీ ఉన్నవారు ముందుగా డాక్టరుతో మాట్లాడాలి.

మన ఎండలు ఈ లెక్కలన్నిటినీ మార్చేస్తాయి. శరీరం ఖర్చుచేసే శక్తిలో పెడల్‌కు చేరేది ఐదో వంతు నుంచి నాలుగో వంతు, మిగతాదంతా వేడి. పెడల్ మీద 150 వాట్లు పెడుతున్న మనిషి లోపల సుమారు 500 వాట్ల వేడి పుడుతుంది. విశాఖ, విజయవాడల ఉక్కలో చెమట ఆరకుండా కారిపోతుంది, కారిన చెమట ఒంటిని చల్లబరచదు. రక్తం చర్మానికి మళ్ళడంతో అదే వేగానికి గుండె ఎక్కువసార్లు కొట్టుకుంటుంది. మే నెలలో జనవరి వేగాన్ని ఆశించడం దండగ. పది రోజుల నుంచి రెండు వారాలు ఎండలో జాగ్రత్తగా తొక్కితే రక్తంలో ద్రవభాగం పెరిగి శరీరం కొంత సర్దుకుంటుంది. ఉప్పు వేసిన మజ్జిగ మంచి తోడు. గంటల తరబడి ఉప్పు లేని నీళ్ళే అదేపనిగా తాగితే రక్తంలో సోడియం పడిపోయే ప్రమాదమూ ఉంది.

విశ్రాంతికి కూడా ప్రణాళిక కావాలి. రెండు మూడు వారాలు క్రమంగా పెంచి, ఒక వారం గణనీయంగా తగ్గించడం పాత పద్ధతి, ఇప్పటికీ పనిచేస్తుంది. ఉదయం లేవగానే నాడి మామూలుకంటే ఎక్కువగా కొట్టుకోవడం, నిద్ర సరిగా పట్టకపోవడం, చిన్న విషయాలకు చిరాకు, మెట్లెక్కితే తొడలు బరువెక్కడం... ఇవన్నీ కలిసి కొన్ని రోజులు కనిపిస్తే ఇంకా గట్టిగా తొక్కాలని కాదు, ఆపాలని అర్థం. కండర మరమ్మతుకు తోడ్పడే గ్రోత్ హార్మోన్ గాఢనిద్రలోనే ఎక్కువగా విడుదలవుతుంది. నాలుగున్నరకు లేవాలంటే తొమ్మిదిన్నరకు పడుకోవాలి. రాత్రి పన్నెండు దాకా ఫోను చూసి, తెల్లవారుజామున సైకిలెక్కేవారికి ఆ రోజు పక్క మీద ఉండటమే మంచి సాధన.

పెద్ద ప్రయాణం దగ్గరపడే కొద్దీ కంగారులో ఆఖరి వారం ఎక్కువ తొక్కేవాళ్ళను చూస్తుంటాం. 2007లో ఎన్నో అధ్యయనాలను కలిపి చూసిన విశ్లేషణ ఒకటి వేరే దారి చూపించింది. చివరి రెండు వారాలు తొక్కే మొత్తాన్ని సుమారు సగానికి తగ్గించాలి. తీవ్రతను మాత్రం తగ్గించకూడదు. అంటే ఎనిమిది నిమిషాల విరామ సాధనలు నాలుగు చేసేవారు రెండు చేయాలి, ఆ రెండూ అదే వేగంతో చేయాలి. ఆదివారం వంద కిలోమీటర్లు తొక్కేవారు యాభైకి ఆగిపోవచ్చు. మిగిలిన సమయంలో టైర్లలో గాలి, బ్రేకు రబ్బర్లు, లైట్ల ఛార్జింగు చూసుకుని, వెంట తీసుకెళ్ళే తిండిని ముందే ఒకసారి తొక్కుతూ తిని చూసుకోవాలి.